పీక్ రాకపోతే కాంజుగేట్ చూడండి, వచ్చిందా... ఇంకా జాగ్రత్త

ప్రశ్న: రేడియో డాంగిల్‌తో జీపీఎస్ సిగ్నల్ రికార్డ్ చేశాను. దాని ఎఫ్ఎఫ్‌టీని (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) శాటిలైట్ కోడ్ ఎఫ్ఎఫ్‌టీతో గుణించి ఇన్వర్స్ తీస్తే అంతా నాయిసే, కోడ్ సరిపోయిన చోట రావాల్సిన పీక్ ఎక్కడా లేదు. యాంటెన్నా మార్చాలా?
- ఓ బీటెక్ విద్యార్థి

యాంటెన్నా జోలికి వెళ్లకండి. ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. మీకు కావాల్సింది కోరిలేషన్ (కోడ్‌ను జరుపుతూ సిగ్నల్‌తో పోల్చడం), మీరు చేసింది కన్వల్యూషన్. రెండు ఎఫ్ఎఫ్‌టీలను అలాగే గుణిస్తే కోడ్‌ను తిరగేసి పోల్చినట్టవుతుంది, 1023 చిప్‌ల (కోడ్‌లోని ఒక్కో బిట్) జీపీఎస్ కోడ్ తిరగేస్తే అదే కోడ్ కాదు కాబట్టి పీక్ రాదు. కోడ్ ఎఫ్ఎఫ్‌టీకి కాంజుగేట్ తీసి (ఊహాసంఖ్య భాగం గుర్తు మార్చి) గుణించండి. దాన్ని సిగ్నల్ వైపు పెట్టారో, పీక్ వస్తుంది గానీ 300 చిప్‌ల ఆలస్యం కాస్తా 723గా కనిపిస్తుంది. ముందు కోడ్‌నే 300 చిప్‌లు జరిపి టెస్ట్ చేసుకోండి, ఆ తర్వాతే డాంగిల్. డాప్లర్‌ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా) కోసం ప్లస్ మైనస్ 5 కిలోహెర్ట్జ్ వరకు, 500 హెర్ట్జ్ చొప్పున వెతకాలి.

నాకు కోపం తెప్పించేది ట్యుటోరియళ్లు. గాసియన్ పల్స్‌తో చూపించి వదిలేస్తారు. అది రెండు వైపులా ఒకేలా ఉంటుంది, కాంజుగేట్ మర్చిపోయినా పీక్ చక్కగా వచ్చేస్తుంది, పిల్లలేమో తప్పు ప్రోగ్రామ్‌నే కరెక్ట్ అనుకుని ముందుకెళ్తారు.

ఇక పీక్ వచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. జీపీఎస్ సివిల్ కోడ్ రహస్యమేమీ కాదు, ఎవరైనా తయారు చేసి ప్రసారం చేయొచ్చు. కోరిలేషన్‌కి తెలిసేది కోడ్ ఎంత బాగా సరిపోయిందనే, ఎవరు పంపారో దానికి తెలియదు. శాటిలైట్ సిగ్నల్ నేల మీదికి వచ్చేసరికి నాయిస్ కంటే కిందకు పడిపోతుంది, అందుకే పక్కనుంచి చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టినా దాని పీకే పొడుగ్గా ఉంటుంది. ఇది ఊహ కాదు: 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి వరకు సరిహద్దు ప్రాంతంలో, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ దగ్గర, విమానాలకు జీపీఎస్ జోక్యం, స్పూఫింగ్ (నకిలీ సిగ్నల్‌తో మోసగించడం) ఘటనలు 465 నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అందుకే యూరప్‌ వాళ్ల శాటిలైట్ నావిగేషన్ వ్యవస్థ గెలీలియో 2025 జూలై నుంచి తన నావిగేషన్ డేటాకు, అది తనదేనని రిసీవర్ తేల్చుకునేలా, డిజిటల్ ధృవీకరణ జోడించి పంపుతోంది. చవక వెహికల్ ట్రాకర్లు చూడండి, పెద్ద పీక్ దొరికితే అదే లొకేషన్ అని నమ్మేస్తాయి, బండి క్షణంలో పది కిలోమీటర్లు ఎగిరినా అనుమానం రాదు! స్కూల్ బస్సులకు బిగించే వస్తువులో ఆ మాత్రం చెక్ పెట్టకపోవడం క్షమించలేని నిర్లక్ష్యం.

మీరైనా అలా చేయకండి. ప్రోగ్రామ్‌ను గరిష్ఠ విలువ దగ్గర ఆపేయకుండా, అదే శాటిలైట్‌కి రెండో పెద్ద పీక్ ఉందేమో కూడా చూడనివ్వండి. ఒక చిప్ అంటే దాదాపు 293 మీటర్లు. చిప్ లోపు తేడా ఉంటే బిల్డింగ్ రిఫ్లెక్షన్ కావచ్చు. అదే వంద చిప్‌ల అవతల, మొదటిదానికి దాదాపు సమానమైన పీక్ కనిపిస్తే ఆ రీడింగ్‌ను పక్కన పెట్టి, రికార్డింగ్ దాచి, మీ గైడ్‌కి చూపించండి.