ఇంట్లో టైల్స్, రంగుల పని పెట్టుకుంటే అక్వేరియం చేపల్ని ఎక్కడ ఉంచాలి?

మీరు పర్లాకిమిడి నుంచి అడిగారు. హాల్లో మూడడుగుల అక్వేరియం, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, అద్దానికి నోరు ఆనించి వేలాడే సక్కర్ చేప ఒకటి. పాత గచ్చు తవ్వి టైల్స్ వేయించాలి, ఆపైన పుట్టీ, రంగులు. మూడు వారాల్లో తేల్చేస్తానని మేస్త్రి మాటిచ్చాడు. తొట్టిని నీళ్ళతో సహా పక్కగదిలోకి జరిపేస్తే సరిపోతుందా, లేదంటే పని అయ్యేదాకా చేపల్ని షాపులో ఇచ్చి రావాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దు. చేపల్ని పెరట్లోనో వెనక వరండాలోనో వెడల్పాటి టబ్బులో ఉంచండి. ఫిల్టర్‌ని అదే టబ్బులో ఆపకుండా నడపండి. ఖాళీ తొట్టిని విడిగా దాచండి. మేస్త్రి మూడు వారాలన్నాడంటే మీరు ఐదు వారాలకి సిద్ధపడండి. మాది బరంపురం. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి యాత్రకి చుట్టాలు దిగేలోపు ఇల్లు బాగుచేయించాలని పని మొదలుపెట్టాం. చుట్టాలు దిగి, భోజనాలు చేసి, వెళ్ళిపోయాక కూడా వంటింటి గోడ ఒక్క పూత మీదే ఉంది. చేపలు మాత్రం అన్నీ దక్కాయి.

నీళ్ళతో జరపడం ఎందుకు వద్దంటున్నానంటే, మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి నిండా పోస్తే సుమారు 127 లీటర్లు పడుతుంది. లీటరు నీళ్ళు కిలో. గాజు బరువు ఇంకో పాతిక కిలోల దాకా ఉంటుంది, గులకరాళ్ళు అదనం. ఇద్దరు మగాళ్ళు చెరో వైపు పట్టి ఎత్తగలరేమో కానీ, ఎత్తేటప్పుడు ఒక మూల రవ్వంత ముందు లేచినా నీళ్ళన్నీ రెండో వైపుకి తోసుకొస్తాయి. ఆ ఒరిపిడికి సిలికాన్ అతుకు వదులుతుంది, లేదా అడుగు గాజు పగులుతుంది. సగం తీసేసి జరుపుదామని మా ఆయన కూడా అన్నారు. సగం నీళ్ళు ఇంకా ఎక్కువ ఊగుతాయి. పూర్తిగా దించాల్సిందే, అడుగున రాళ్ళు కూడా తీసేయాల్సిందే.

షాపు సంగతి. అక్కడ మీ చేపల్ని వేరే చేపలున్న తొట్టిలోనే వదులుతారు. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చే జబ్బు ఒక్క చేపకున్నా అన్నిటికీ అంటుకుంటుంది. పైగా తిరిగి తెచ్చుకునేటప్పుడు ఏవి మీవో తేల్చుకోవడం కష్టం.

ఇక అసలు విషయం ఫిల్టర్. ఇల్లు మార్చినప్పుడో, పని జరిగినప్పుడో చాలామంది చేపల్ని జాగ్రత్తగా దించుతారు, నీళ్ళు జాగ్రత్తగా మారుస్తారు. ఫిల్టర్‌ని మాత్రం కుళాయి కింద పెట్టి తెల్లగా కడిగి, ఎండబెట్టి, కవర్లో చుట్టి అటక మీద పెడతారు. ఆపైన వారం తిరక్కుండా చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే రంగుల వాసన వల్లే అనుకుంటారు. చేపల మొప్పల నుంచి, మలం నుంచి అమోనియా అదేపనిగా వస్తూనే ఉంటుంది. ఆ స్పాంజిలో, సిరామిక్ రింగుల్లో కాపురం ఉండే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషం, మూడోది చేపలు చాలావరకు ఓర్చుకుంటాయి. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో పెద్దగా ఉండదు, ఫిల్టర్‌కీ రాళ్ళకీ పట్టుకుని ఉంటుంది. పెరుగు గిన్నెలో తోడు ఎలాంటిదో తొట్టికి ఆ స్పాంజి అలాంటిది. పాలు ఎన్ని మార్చినా ఫర్వాలేదు, తోడు మాత్రం పోకూడదు. అది పోతే మళ్ళీ పేరుకోవడానికి నెలన్నర దాకా పట్టొచ్చు, అన్నాళ్ళూ చేపలు వాటి అమోనియాలోనే ఈదాలి. గోల్డ్‌ఫిష్‌లు తిండిపోతులు, వాటి మురికీ ఎక్కువే.

అందుకని స్పాంజిని ఎప్పుడూ తడిగా, గాలి తగిలే నీళ్ళలో ఉంచాలి. మోటారు ఆగిన డబ్బాలో కొన్ని గంటలుంటే చాలు, లోపల ప్రాణవాయువు అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మీకే తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న స్పాంజిని పిండితే కాఫీ రంగు నీళ్ళు కారతాయి, వాసన తడిమట్టి వాసన. చచ్చిన స్పాంజికి కుళ్ళిన గుడ్డు కంపు. కడగాలనిపిస్తే తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఓ రెండుసార్లు నొక్కి వదలండి, కుళాయి నీళ్ళ జోలికి పోకండి. మీది తొట్టి పైన పెట్టే రకం ఫిల్టర్ అయితే టబ్బు మీద ఆనకపోవచ్చు. అప్పుడు స్పాంజి, రింగులు ఒక నెట్ సంచిలో వేసి టబ్బులో దించి, దాని కిందే ఎయిర్ పంప్ బుడగల రాయి పెట్టండి. పని జరిగిపోతుంది.

టబ్బు లోతుగా ఉండటం కంటే వెడల్పుగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే గాలి నీటిలో కలిసేది పైభాగం నుంచే. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు వాడే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కొత్తది కొనుక్కుంటే సరి. సబ్బు నీళ్ళు పోసినది, ఫ్యాక్టరీల నుంచి వచ్చే పాత నీలం డ్రమ్ము కోసినది ఎంత చవకగా దొరికినా వద్దు. పాత తొట్టి నీళ్ళే వీలైనన్ని ఇందులోకి తోడండి. మిగతాది కొత్త నీళ్ళు. మునిసిపాలిటీ నీళ్ళయితే యాంటీ క్లోరిన్ మందు వేయాలి, లేదా వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా వదిలేయాలి. పెరట్లో నుయ్యి ఉంటే దానిలో క్లోరిన్ భయం లేదు, కానీ అప్పుడే తోడిన నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. రాత్రంతా బుడగలు పెట్టి పొద్దున్న వాడండి.

పట్టడానికి ముందురోజు మేత మానేయండి. గోల్డ్‌ఫిష్‌ని వలతో తరమకుండా నీళ్ళు సగం దించాక మగ్గుతో తీయండి. సక్కర్‌కి వల అసలే పనికిరాదు. దాని రెక్కల ముందుండే ముల్లు దారాల్లో చిక్కుకుంటే విడదీయడానికి మనం వల కత్తిరించాలి, అది ఈలోగా గిలగిల్లాడి ఒళ్ళు చీరుకుంటుంది. ఒక డబ్బా దాని మీద బోర్లించి, కింద నుంచి పళ్ళెం జరిపితే చక్కగా వచ్చేస్తుంది. టబ్బులో దానికి దాక్కోవడానికి ఒక పగిలిన కుండ పెట్టండి, పగలంతా అందులోనే ఉంటుంది. మా అత్తగారు టబ్బులోకి తొంగిచూసి, ఇంత హడావుడి చేసే బదులు పులుసు పెట్టేస్తే పోయేది కదా అన్నారు. తర్వాత రోజూ సాయంత్రం మేత వేసింది ఆవిడే.

ఇప్పుడు ఇంట్లో పని వల్ల వచ్చే ముప్పు. దుమ్మంటే అందరూ గాలిలో ఎగిరే దుమ్ము అనుకుంటారు. సిమెంటు దుమ్ము నీళ్ళలో పడితే దానిలోని సున్నం వల్ల పీహెచ్, అంటే నీళ్ళు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి ఎక్కిందంటే, అదే నీళ్ళలో ఉన్న అమోనియాలో విషపూరితమైన వంతు దాదాపు 10 రెట్లవుతుంది. ఎండ వేడికి ఇంకొంచెం పెరుగుతుంది. అంటే నిన్నటిదాకా చేపల్ని ఏమీ చేయని అమోనియానే ఇవాళ ప్రాణం మీదికి తెస్తుంది. టైల్స్ కోసే మిషన్‌ని పెరట్లో పెడతారు మామూలుగా, అందుకే టబ్బు ఆ వైపు ఉండకూడదు. మొదటిరోజే మేస్త్రికి చోటు చూపించి మాట్లాడుకోండి.

అంతకంటే పెద్ద ప్రమాదం పనివాళ్ళ చేతులు. వాళ్ళ తప్పేం కాదు, నీళ్ళున్న టబ్బు కనిపిస్తే తాపీ ముంచి కడుక్కోవడం ఎవరికైనా అలవాటే. సిమెంటు పాలు కలిసిన నీళ్ళ పీహెచ్ 12 దాటుతుంది. మా మేస్త్రి ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాడు, కూలీలు ఇక్కడి ఒడియా వాళ్ళు. తెలుగులోనూ ఒడియాలోనూ "చేపలున్నాయి" అని అట్ట రాసి కట్టాం. అట్టకంటే బాగా పనిచేసింది ఏమిటంటే, వాళ్ళ కోసం ఇంకో బకెట్ నిండా నీళ్ళు పట్టి టబ్బుకి ముందే పెట్టడం. చేతికి అందేది దొరికితే వెనకదాని జోలికి ఎవరూ వెళ్ళరు. టబ్బు మీద దోమతెర బిగించి కట్టండి. కాకులకీ పిల్లులకీ అదే అడ్డు.

రంగుల్లో గోడకి వేసే ఎమల్షన్ కంటే తలుపులకీ కిటికీలకీ వేసే ఎనామిల్, దానిలో కలిపే టర్పెంటైనే భయపెట్టేవి. ఇక్కడ మెలిక ఎయిర్ పంప్‌తో. చేపలు వరండాలో ఉన్నా, పంప్ ప్లగ్గు కోసం గది లోపల ఉంటే, అది ఆ గదిలోని ఘాటు గాలినే పీల్చి నీళ్ళలోకి ఊదుతుంది. పంప్ కూడా బయటే ఉండాలి, వైరు ఎంత పొడుగైనా సరే. పంప్‌ని నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు పైపు వెంట వెనక్కి వచ్చి పంప్‌లోకి దిగుతాయి. దోమల చుట్టలు, ప్లగ్గు మందులు టబ్బు పక్కన పెట్టొద్దు. వాటిల్లో ఉండే పైరిత్రాయిడ్ రకం మందులు మనకంటే చేపలకి ఎన్నో రెట్లు విషం.

కరెంటు సంగతి మీకూ తెలిసిందే, చైత్ర వైశాఖాల్లో సాయంత్రం గాలివాన లేచిందంటే ఎప్పుడొస్తుందో చెప్పలేం. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములుంటే 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. కాబట్టి టబ్బుకి మధ్యాహ్నపు ఎండ తగలకూడదు, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ ఒకటి కొని పెట్టుకోవాలి. అది కూడా లేకపోతే చెయ్యే గతి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటాక బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఇంట్లో పిల్లలు వంతులవారీగా మగ్గుతో తొట్టి నీళ్ళు తీసి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోశారు. విసుగు పనే, కానీ పనిచేస్తుంది.

టబ్బులో ఉన్నన్నాళ్ళూ మేత సగానికి తగ్గించండి, రెండు మూడు రోజులకోసారి పావు వంతు నీళ్ళు మార్చండి. ఖాళీ తొట్టిని మంచం కింద కాకుండా ఎవరూ నడవని మూల, థర్మాకోల్ షీటు మీద నిటారుగా ఉంచి పాత దుప్పటి కప్పండి. గులకరాళ్ళని పాత నీళ్ళలోనే జాడించి, తడిగా ఉంచండి.

తిరిగి లోపలికి తేవడానికి తొందరపడకండి. టైల్స్ అయిపోగానే సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రి యాసిడ్‌తో కడుగుతాడు. ఆ ఆవిరీ, పెరట్లోకి పారే ఆ నీళ్ళూ రెండూ చెడ్డవి, ఆ పూట టబ్బుని కాలవకి దూరంగా జరపండి. రంగు వాసన పూర్తిగా పోయాక స్టాండు పెట్టబోయే చోట టైల్స్ ఒక్కొక్కటీ తాపీ పిడితో కొట్టి చూపించమనండి. గట్టిగా టక్‌మంటే కింద సిమెంటు నిండి ఉన్నట్టు. డొల్ల మోత వస్తే అక్కడ నూట యాభై కిలోలు నిలపొద్దు, స్టాండు కాలు ఆనిన చోటే పగులుతుంది. మా హాల్లో రెండు టైల్స్ అలా మోగితే ఊడబెరికించి మళ్ళీ వేయించాం. మేస్త్రి సణిగాడు, కానీ వేశాడు. రసమట్టం పెట్టి స్టాండు నాలుగు వైపులా సమంగా ఉందో లేదో కూడా అతని చేతే చూపించుకోండి, వెళ్ళిపోయాక దొరకడు.

తొట్టిని ముందు బయటే నింపి ఒక రోజంతా వదిలి, అతుకుల వెంట పొడి కాగితం పెట్టి చూడండి. కారడం లేదని తేలాకే లోపలికి. టబ్బు నీళ్ళు సగం, మందు వేసిన కొత్త నీళ్ళు సగం పోసి, చేపలూ ఫిల్టరూ ఒకే రోజు మార్చండి. చేపల్ని డబ్బాలో ఉంచి, అరగంటసేపు కొద్దికొద్దిగా తొట్టి నీళ్ళు కలుపుతూ అలవాటు చేసి వదలండి. అమోనియా, నైట్రైట్ చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కుంటే మొదటి రెండు వారాలు గుడ్డిగా నీళ్ళు మార్చే పని తప్పుతుంది. రెండూ సున్నా చూపిస్తే మేత మామూలుగా వేయొచ్చు, కనిపిస్తే మూడో వంతు నీళ్ళు మార్చి, మేత ఆపండి. కొత్త చేపల మాట అప్పటిదాకా ఎత్తొద్దు.

పని మొదలుపెట్టే ముందు మీ మేస్త్రిని ఒక్క మాట అడగండి, గచ్చు తవ్వాక చెదల మందు కొట్టిస్తారా అని. అందులో వాడే క్లోరోపైరిఫాస్ లాంటివి అతి కొద్దిగా కలిసినా చేపలు ఉండవు. అది ఉంటే తేదీ ముందే చెప్పించుకుని, ఆ రోజుకి ముందే టబ్బునీ ఫిల్టర్‌నీ చేపల్నీ చుట్టాలింటికి చేర్చండి. సంచిలో మూడో వంతు నీళ్ళు, మిగతా అంతా గాలి నింపి కట్టి, చీకటిగా ఉండేలా గుడ్డలో చుడితే మీ ఊరి నుంచి టెక్కలిదాకా హాయిగా వెళ్ళిపోతాయి. స్పాంజిని మాత్రం వేరే డబ్బాలో, మూత కాస్త వదులుగా పెట్టి, పాత నీళ్ళలో తడిపి తీసుకెళ్ళండి.