ఎవరు ఎవర్ని పట్టి ఆపుతున్నారు?

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను నాయనా. గెనిమ (పొలం గట్టు) తగాదాల మీద మన సీమలో రాసినవాళ్ళకు కొదవ లేదు. అయినా దున్నేటప్పుడల్లా తమ్ముడు ఏటా ఒక్కో సాలు అన్న చేలోకి జరుపుకుంటూ గెనిమను కొరుక్కుంటూ రావడం, చివరికి హద్దురాయి తమ్ముడి చేను నడుమ తేలడం చేనెరిగినవాడు రాసిన సంగతి. దాని జోలికి నేను పోను. నా పేచీ అంతా అన్న కోపం ఆపుకునే పేజీతోనే.

ఆ ఒక్క పేజీలో అతను ముందు 'నిగ్రహం' వహించాడు. కాసేపటికి 'సంయమనం' పాటించాడు. ఆ తర్వాత 'ఆత్మనియంత్రణ' సాధించాడు, ఆఖరుకు 'హద్దుల్లో' ఉన్నాడు. వాడిన మాట మళ్ళీ వాడకూడదని బడిలో ఎవరో చెప్పి ఉంటారు. పర్యాయపదాలు ఒకరు దిగితే ఇంకొకరు డ్యూటీ ఎక్కే బస్సు కండక్టర్లు కావు. ఈ మాటలన్నీ ఆపడం గురించినవే, నిజం. కానీ ఎవరు ఎవర్ని ఆపుతున్నారు, దేంతో ఆపుతున్నారు అన్నది ఒక్కో మాటలో ఒక్కో తీరు.

అదుపు చూడు. అది బయటి చేతిది. పిల్లలు, ఎద్దులు, ధరలు అదుపులో ఉంటాయి, లేదా తప్పుతాయి. గువ్వలచెరువు ఘాట్‌లో లారీ అదుపు తప్పిందని పేపర్లో చదువుతుంటాం (పాలకోవా కోసం మనం ఆగేదీ ఆ ఊళ్ళోనే, అది వేరే సంగతి). లారీ నిగ్రహం కోల్పోయిందని ఎవరూ రాయరు. నిగ్రహానికి లోపల ఒక మనిషి ఉండాలి. నోరు అదుపులో పెట్టుకో అన్నప్పుడు కూడా, నోటిని మన నుంచి విడదీసి, కట్టేయాల్సిన దాన్నిగానే చూస్తాం.

నిగ్రహం పట్టుకోవడం అనే ధాతువు నుంచి వచ్చింది. ఆగ్రహం, అనుగ్రహం, విగ్రహం దాని తోబుట్టువులు. పాత వాడుకలో నిగ్రహమంటే దండించడం కూడా. రాజును నిగ్రహానుగ్రహ సమర్థుడని పొగిడింది అందుకే. ఆ దండించే చేతిని మనిషి తన మీదికే తిప్పుకుంటే ఇప్పటి నిగ్రహం అయింది. అంత బరువున్న మాటను కథ మొత్తంలో ఒక్కచోట వాడితే పండుతుంది. సంయమనం కూడా మంచి మాటే. నియమం, యముడు, అదీ ఒకే ధాతువు బిడ్డలు. కానీ ఎక్కడ గొడవ జరిగినా మర్నాడు 'ప్రజలు సంయమనం పాటించాలి' అని ప్రకటన వచ్చీ వచ్చీ ఆ మాటకు ఖాకీ రంగు పట్టింది. ఇక ఆత్మనియంత్రణ అనువాదాల్లో బతికే మాట, దాన్నక్కడే ఉండనీ. శమదమాలు వేదాంతానివి: శమం మనసును నిలపడం, దమం ఇంద్రియాలను. నీ కథకు వాటితో పని లేదు.

హద్దు ఉర్దూ మీదుగా మనకొచ్చిన అరబ్బీ మాట. రాయి పాతి చూపించగలిగేది. నీ కథంతా దాని మీదే నడుస్తోంది కాబట్టి, మనసు విషయంలో దాన్ని వాడకుండా దాచుకుని ఉండాల్సింది. దానికి బదులు నీకు తెలియకుండానే ఒక మెరుపు పడింది. అన్న తమ్ముడితో 'మర్యాదగా చెప్తాండా, దిగు' అంటాడే, అది. మర్యాద అంటే మొదట ఎల్ల, గట్టు. సముద్రం చెలియలికట్ట దాటకపోవడం దాని మర్యాద. గౌరవం అనే అర్థం తర్వాత వచ్చింది. గెనిమ మీద నిలబడి ఆ మాట అంటుంటే రెండర్థాలూ ఒకేసారి మోగాయి. దాన్ని వివరించబోకు.

అసలు మన తెలుగు ఆపుకోవడమంతా క్రియల్లో ఉంది నాయనా, నామవాచకాల్లో కాదు. ఏడుపు ఉగ్గబట్టుకుంటాం. అవమానం దిగమింగుతాం. నొప్పిని పంటి బిగువున భరిస్తాం. ఒకదాంట్లో ఊపిరి ఉంది, ఒకదాంట్లో గొంతు, మరొకదాంట్లో దవడ. ఓర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, తమాయించుకోవడం క్షణం పని. నీ కథలో ఆ రెండూ ఉన్నాయి. గెనిమ కొరుకుతున్నన్నాళ్ళూ అన్న ఓర్చుకున్నాడు. తమ్ముడి మీదికి పార లేచిన చోట తమాయించుకున్నాడు. ఈ తేడా పట్టుకుంటే ఆ పేజీలో సగం నీకు అక్కర్లేదు. అతను టవాలు కొస నోట్లో కరుచుకున్నాడని రాశావు. అది చాలు, కింద 'నిగ్రహం' అని చీటీ అంటించనవసరం లేదు.

ఇంకొకటి. వదినె 'దుఃఖం కట్టలు తెంచుకుంది' అన్నావు. 2021 నవంబరులో చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నిజంగానే తెగింది. కింది ఊళ్ళలో మనుషులు, గొడ్లు, ఇళ్ళు కొట్టుకుపోయాయి. మన జిల్లాలో చదివేవాళ్ళకు అది అలంకారం కాదు. ఆ మాట వాడొద్దని అనను. వాడితే దాని ఖరీదు తెలిసి వాడు.

ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని ఇక్కడే పని సాగించాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. కావ్యాల మాటల పక్కనే జనం వాడుక మాటలకూ అందులో చోటిచ్చాడు. ఆయన బంగళా ఉన్న చోటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో లేచిన గ్రంథాలయం ఉంది కదా, ఈసారి వచ్చినప్పుడు వెళ్ళు. ఆ నిఘంటువులో అదుపు, మర్యాద, మట్టు ఈ మూడూ తీసి చూడు. అర్థాలు కాదు, అక్కడిచ్చిన ప్రయోగాలు చూడు. 'నా మట్టుకు నాకు' అని రోజూ అంటూ, అందులో ఒక హద్దు ఉందని గమనించం.

కథ ఆఖర్న కోపం జయించడం గురించి నాలుగు ముక్కలు రాశావు, తీసెయ్. సర్వేయరు గొలుసు లాగుతున్నట్టు రాసింది కూడా సరిచూసుకో. 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వే నుంచి రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరాలు), డ్రోన్లు వచ్చాయి. కథ ఈ మధ్యది అయితే గొలుసు కుదరకపోవచ్చు, సెల్‌ఫోన్లు రాకముందుది అయితే తమ్ముడి చేతిలో సెల్‌ఫోన్ కుదరదు. కథ ఏ కాలానిదో తేల్చి పంపు.

ఇట్లు,
మీ పెద్దాయన