సీసం కరిగించబోతున్న అమ్మడికి

అమ్మడూ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి, “నీ కూతురు వలలకి బరువుగా కట్టే సీసం గుళ్ళు పోస్తుందట, దొడ్లో రేకుల షెడ్డు కూడా వేయించేసింది” అన్నాడు. ఫిర్యాదులాగే మొదలుపెట్టాడు గానీ గొంతులో సంతోషం దాగలేదు. నాకూ అంతే. ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా ఉప్పాడలో ఎక్కడ చూసినా వలలు బాగుచేసుకుంటూనే కనిపిస్తారు, గుళ్ళకి అప్పుడే గిరాకీ అని లెక్కేశావు చూడు, అది మెచ్చుకున్నాను. బేరం తెలిసిన పిల్లవే. సీసం సంగతి మాత్రం నీకు తెలీదు. అందుకే ఫోన్లో చెప్పకుండా రాస్తున్నాను. షెడ్డు గోడకి అంటించుకో.

ముందు పాత్ర. ఇంట్లో పాత అల్యూమినియం గిన్నె ఉందిగా అన్నావట. దాన్ని ముట్టుకోకు. పది కిలోల సీసం కరిగితే లీటరు కూడా రాదు. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, కానీ ఆ బరువంతా కాలుతున్న అడుగు మీదే ఉంటుంది. అల్యూమినియం 660 డిగ్రీలకి గానీ కరగదంటారు, నిజమే, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. గ్యాసు మంట ఒకేచోట తగిలితే అడుగు ఊడొస్తుంది. జింకు పూత బకెట్టూ వద్దు, ఇత్తడీ వద్దు. మందపాటి ఇనప పైపు ముక్కకి అడుగు, రెండు చెవులు వెల్డింగ్ చేయించు. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉండాలి. గాలి తగిలే మేర తగ్గితే సీసం పైన తేలే మడ్డి తక్కువ కడుతుంది. కారుతుందేమో నీళ్ళు పోసి చూడు, చూశాక ఖాళీ పాత్రని పొయ్యి మీద బాగా కాల్చు. ముప్పావు వంతుకి మించి నింపకు. పొయ్యి పొట్టిగా, కదలకుండా ఉండాలి.

అడుగున కుళాయి ఉన్న కరెంటు పాత్రలు కూడా వస్తాయి. మడ్డి పైనే ఉండిపోతుంది, అచ్చులోకి శుభ్రమైన లోహం దిగుతుంది. కాకపోతే కుళాయిలో చిన్న నలక ఇరుక్కున్నా చుక్కలు కారుతూనే ఉంటాయి. మొదటి ఏడాది నీకు గరిటె చాలు.

ఇక వేడి. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది. నీ పనికి 370, 400 మధ్య చాలు. నేను ఫౌండ్రీలో చేరిన కొత్తలో మేస్త్రీలు పైపొర రంగు చూసి చెప్పేవాళ్ళు: వెండిలా మెరుస్తుంటే సరే, గరిటెతో తీసిన చోట పసుపు, నీలం తిరిగితే మంట తగ్గించమని. నువ్వు కంటిని నమ్ముకోకు. వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టు, కరెంటు పొయ్యి అయితే టెంపరేచర్ కంట్రోలర్ బిగించు. 400 దాటకపోతే ఇంకో లాభం ఉంది. కారు చక్రాలకి బ్యాలెన్సు కోసం బిగించే సీసం బరువులు పాత ఇనప కొట్లో కొంటావు కదా, వాటిలో జింకువీ కలుస్తాయి. జింకు 419 దాకా కరగదు, పైకి తేలుతుంది. కనపడగానే తీసి పారెయ్. గుళ్ళు ముడతలు పడుతుంటే అచ్చు చల్లగా ఉందని అర్థం. వెంటనే పాత్ర కింద మంట పెంచకు, అచ్చుని వెచ్చబెట్టు.

సీసం కోసం పాత బ్యాటరీలు పగలగొట్టకు. యాసిడ్ ఒకటి, పాత బ్యాటరీల మీద సర్కారు పెట్టిన 2022 రూల్స్ ఒకటి. అవి రీసైక్లింగ్ వాళ్ళకే పోవాలి.

ఇప్పుడు అసలు మాట. మీ నాన్న ఎడమ చేతి మీద మణికట్టు నుంచి మోచెయ్యి దాకా మచ్చలున్నాయి కదా, టపాసులు కాలాయని నీకు చెప్పాడు. టపాసులు కాదు.

మాకు పెళ్ళిళ్ళు కాకముందు మాట. వానాకాలం. వాడు ఇంటి వెనక పొయ్యి మీద సీసం పెట్టాడు. తాటాకు కప్పు నుంచి ఒక చుక్క కరిగిన సీసం మీద పడింది. చుయ్ మంది, గింగిరాలు తిరిగి ఆవిరైపోయింది. ఇంకోటి పడింది, అదీ అంతే. వాడు నా వంక చూసి నవ్వాడు, “పెద్ద భయపెట్టావులే” అని. ఆ నవ్వే కొంప ముంచింది. పైన పడ్డ చుక్కకి ఆవిరై పోవడానికి దారుంది, ఎవర్నీ ఏమీ చెయ్యదు. వాడు అది చూసి సీసానికి నీళ్ళంటే లెక్కలేదనుకున్నాడు.

పాత వల నుంచి కోసిన గుళ్ళు పక్కన కుప్పగా ఉన్నాయి. తడిచినవి, ఉప్పు పట్టినవి, బెజ్జాల్లో తాడు పీచు ఇంకా మిగిలినవి. ఒక గుప్పెడు తీసి పాత్రలో వేశాడు. గట్టి సీసం కరిగిన సీసం కంటే బరువు, తేలదు, నేరుగా అడుగుకి పోతుంది. బెజ్జంలో దాక్కున్న ఉప్పునీటిని వెంటబెట్టుకుని పోతుంది. అక్కడ ఆ నీరు ఒక్క క్షణంలో 1,600 రెట్లకు పైగా పొంగుతుంది, పైనేమో సీసం మూతేసి ఉంటుంది. శబ్దం పెద్దగా లేదు, ఎవరో దగ్గినట్టు వచ్చింది. పాత్రలో సగం సీసం గాల్లోకి లేచింది. వాడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోబట్టి కళ్ళు దక్కాయి. తాటాకుల్లోంచి సీసం పూసలు చాన్నాళ్ళు రాలుతూనే ఉన్నాయి. మా అమ్మ వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తూ దారంతా తిట్టింది, వచ్చాక నెలరోజులు తన చేత్తో తినిపించింది.

కాబట్టి పాత గుళ్ళు ఎప్పుడూ చల్లటి పాత్రలోనే వెయ్యి, పాత్రతోపాటే అవి వేడెక్కాలి. కరిగిన సీసంలోకి ఒక్కటి కూడా కొత్తగా పడకూడదు. ఎండలో ఆరబెట్టాను పెదనాన్నా అంటావేమో, ఉప్పు పట్టిన సరుకు మబ్బు పడితే మళ్ళీ చెమ్మ లాగుతుంది. గరిటె, అచ్చు రెండూ పొయ్యి పక్కన కాగాకే వాడు. షెడ్డు రేకుల్లో ఒక్క చిల్లు ఉన్నా ఆ రోజు పని లేదు. కళ్ళద్దాలు, పొడుగు చేతుల నూలు చొక్కా, తోలు చేతిజోళ్ళు, బూట్లు. నైలాన్ చీర కట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళావని తెలిస్తే బస్సెక్కి వచ్చి తంతాను.

బుడ్డోడు పాకుతున్నాడట కదా. వాణ్ణి తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు. మనం 400 దగ్గర ఉంటే పొగ కంటే మడ్డి పొడే ప్రమాదం. అది చేతికి, చీర అంచుకి, చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. వాడు ఆ గచ్చు మీదే చేతులు పెట్టి నోట్లో పెట్టుకుంటాడు. చంటిపిల్లల ఒంట్లో ఇంత వరకు పరవాలేదు అనే సీసం లెక్క డాక్టర్ల దగ్గర లేదు. పని బట్టలు, చెప్పులు షెడ్డులోనే వదిలెయ్, విడిగా ఉతుకు. సబ్బుతో చేతులు, మొహం కడిగాకే వాణ్ణెత్తుకో. షెడ్డు పొడి చీపురుతో ఊడవకు, అంతా చల్లారాక తడిగుడ్డతో తుడువు. మడ్డి మూత ఉన్న డబ్బాలో పెట్టు, దొడ్లో పొయ్యకు. ఏడాదికోసారి నువ్వూ వాడూ రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి, డబ్బు నేనిస్తాను. మీ ఆయనకీ చెప్పు, సీసం గుళ్ళున్న విసురువల అంచు పళ్ళతో పట్టుకునే అలవాటు మానమని. మానడని తెలుసు, అయినా చెప్పు.

థర్మోకపుల్ ఒకటి నా దగ్గర పనిచేసేది ఉంది, ఆదివారం కాకినాడ బస్సులో పార్శిల్ వేస్తాను. పాత్ర వెల్డింగ్‌కి ఇచ్చేముందు పైపు మందం, లోతు ఎంతో ఫోటో తీసి పంపు. నేను సరే అన్నాకే ఇవ్వు.

మీ పెదనాన్న