కిత్తనార కంచె పీకేసి రాతి కూసాలు పాతాడు, మేం పీకేయొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర పల్లె. తాతల నాటి ఏడెకరాల నిమ్మతోటను 1994లో మా నాయన, చిన్నాయన పెద్దమనుషుల ముందు చెరి మూడున్నర ఎకరాలుగా పంచుకున్నారు. మధ్యనున్న కిత్తనార కంచే హద్దనీ, బావి, బావి దగ్గరికి పోయే బండిదారి ఉమ్మడి అనీ తెల్లకాగితం మీద రాసుకున్నారు. రిజిస్ట్రేషన్ చేయించలేదు. నాయన పోయారు. ఇప్పుడు నేనూ అమ్మా నెల్లూరులో ఉంటూ తోట చూసుకుంటున్నాం. రీసర్వేలో మా వైపు 3 ఎకరాల 57 సెంట్లు, వాళ్ల వైపు 3 ఎకరాల 43 సెంట్లు తేలింది. ఆ ఏడు సెంట్లు తనవేనంటూ మొన్న సంక్రాంతికి ముందు చిన్నాయన కొడుకు జేసీబీతో కిత్తనార పీకించి, పది అడుగులు మా తోటలోకి జరిపి రాతి కూసాలు పాతి ముళ్లతీగ లాగాడు. బండిదారి అతని కంచె లోపల పడింది. రాత్రిళ్లు అడవి పందుల కోసం ఆ తీగకు కరెంటు కూడా ఇస్తున్నాడు. అతని గేదెలేమో మా తోటలో మేస్తున్నాయి. స్టేషన్‌కు వెళితే సివిల్ మ్యాటర్ అన్నారు. కూసాలు మేమే పీకేయొచ్చా?

జవాబు: అమ్మా, ఆ కూసాల మీద మీరు గానీ మీ కూలీలు గానీ చెయ్యి వేయొద్దు. ఎందుకో చెప్తాను. అంతకంటే ముందు కరెంటు సంగతి చూడాలి.

నిమ్మకాయ కోతకు కూలీలు తెల్లవారకముందే తోటలో దిగుతారు. మంచుకు తీగ, గడ్డి తడిసి ఉంటాయి. స్విచ్ తీయడం ఒక్కరోజు మరిచిపోతే చాలు. పందికి పెట్టిన తీగ తగిలి రైతులే చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఈరోజే 1912కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు రాసుకోండి. కరెంటు ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) అర్జీ ఇచ్చి నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. ఆ నకలు జత చేసి పోలీసులకు మళ్లీ ఫిర్యాదు రాయండి. హద్దు గొడవ సివిల్ అయితే కావచ్చు, కరెంటు తీగ మాత్రం కాదు. ఎవరి ప్రాణమైనా పోతే భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడుతుంది. ప్రమాదమని తెలిసే చేశాడని తేలితే 105 కింద ఇంకా పెద్ద కేసు అవుతుంది. లైనుకు కొక్కేలు తగిలించి వాడుతుంటే 2003 విద్యుత్ చట్టం 135 సెక్షన్ కింద కరెంటు దొంగతనం కూడా. అడవి పందికి సైతం 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పందుల బాధ అబద్ధమని నేననను, ఒక్క రాత్రిలో పంట నాశనం చేసి పోతాయి. దానికి సోలార్ కంచె ఉంది. బ్యాటరీ మీద నడిచే ఎనర్జైజర్ ఆగి ఆగి చిన్న షాక్ వదులుతుంది. జంతువు బెదిరి పోతుంది గానీ చావదు. మీ తమ్ముడికి ఈ మాట ఎవరైనా నిదానంగా చెప్పగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు కూసాల విషయం. మీ హద్దులోనే పాతినా అవి అతని డబ్బుతో కొన్నవి. మీరు పీకి పారేస్తే ఆస్తి నష్టం చేశారని మీ మీదే కేసు పెడతాడు, అప్పటిదాకా బాధితులైన మీరు ముద్దాయిలవుతారు. చట్టం మీకు అంతకన్నా సూటి దారి ఇచ్చింది. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. మీ అనుమతి లేకుండా, కోర్టు ఉత్తర్వు ఏదీ లేకుండా మిమ్మల్ని భూమిలోంచి తప్పిస్తే, అది జరిగిన ఆరు నెలల్లోపు దావా వేయవచ్చు. ఆ దావాలో భూమి ఎవరిదన్న చర్చే రాదు. నిన్నటిదాకా స్వాధీనంలో ఎవరున్నారు, ఎవరు బలవంతంగా తప్పించారు అన్నదే చూస్తారు. దాని తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు. సంక్రాంతికి ముందు జరిగిందంటున్నారు కాబట్టి జులై మొదటి వారం దాటనివ్వకండి. పెద్దమనుషులు ‘చూద్దాం, మాట్లాడదాం’ అంటూ నెలలు గడిపేస్తారు. ఆ గడువు పోయినా హక్కు పోదు, స్వాధీనం కోసం దావా వేయడానికి 12 ఏళ్లు ఉంది. కానీ అప్పుడు హక్కు నిరూపించుకుంటూ పొడుగాటి దావా నడపాలి. ఆ పొడుగాటి దావాలో ఉత్త ఇంజంక్షన్ (జోక్యం చేసుకోవద్దనే ఉత్తర్వు) అడిగితే చాలదు. పది అడుగులు ఇప్పటికే అతని చేతిలో ఉన్నాయి కాబట్టి హక్కు ప్రకటన, స్వాధీనం రెండూ అడగాలి. అనాథుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ తేడా వివరంగా చెప్పింది.

హక్కు మాటకొస్తే, మీ తమ్ముడు తన వాదన అనుకుంటున్నదే మీకు పెద్ద సాక్ష్యం. సబ్‌డివిజన్ చేయించలేదు కాబట్టి మీ మధ్య హద్దు పాత ఎఫ్ఎంబీలో (సర్వే కొలతల పుస్తకం) ఉండే అవకాశం తక్కువ, అందులో సర్వే నంబరు బయటి కొలతలే కనిపిస్తాయి. రీసర్వే వాళ్లు నేల మీద ఉన్న కంచెను కొలిచి చెరొక ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఇచ్చారు. 3.57, 3.43 అనే అంకెలు వచ్చాయంటేనే, ఆనాటికి కిత్తనార ఎక్కడుందో ప్రభుత్వ పటంలో ఎక్కిందన్నమాట. మీ కంచె పొడవు మీరు రాయలేదు, సుమారు మూడు వందల అడుగులు అనుకుందాం. పది అడుగుల వెడల్పుతో అది మూడు వేల చదరపు అడుగులు, సెంటుకు 435.6 చొప్పున ఏడు సెంట్లకు కాస్త తక్కువ. అప్పుడు లెక్క దాదాపు ఆ తేడాకే సరిపోతుంది. మీ కొలత కూడా అలాగే వస్తే, లెక్క చూసుకునే అతను కూసాలు జరిపాడని తెలుస్తుంది. సర్వే నచ్చకపోతే అతనికీ దారులున్నాయి. 1923 సర్వే, సరిహద్దుల చట్టం కింద అప్పీలు చేసుకోవచ్చు, లేదా సర్వే పూర్తయిందని చెప్పే 13వ సెక్షన్ నోటిఫికేషన్ వచ్చిన మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. జేసీబీ పిలిపించుకునే హక్కు ఆ చట్టంలో ఎక్కడా లేదు.

‘కాగితంలో చెరి మూడున్నర అనే ఉంది కదా’ అని అతని వకీలు అడుగుతాడు. అదే కాగితంలో హద్దు కిత్తనార కంచె అని కూడా ఉంది. చూపించిన హద్దులకూ రాసిన విస్తీర్ణానికీ తేడా వచ్చినప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. అన్నదమ్ములు టేపు పట్టుకుని పంచుకోలేదు, కంచె చూసి పంచుకున్నారు, ముప్పై ఏళ్లు దానికి కట్టుబడి బతికారు. మీ కేసంతా ఈ మాట మీదే నిలబడుతుంది. కొందరు వకీళ్లు 12 ఏళ్ల స్వాధీనంతో హక్కు వచ్చిందని వాదించమంటారు. దాన్ని ముందుకు తేకండి. ఆ వాదనలో భూమి మొదట ఎదుటివాడిదేనని ఒప్పుకోవాల్సి వస్తుంది, మీకు ఆ అవసరం లేదు.

రిజిస్టర్ కాని కాగితం చెల్లదని భయపడకండి. అందులో క్రియలు చూడండి. ‘ఇంతకుముందే పంచుకుని ఎవరి భాగం వారు అనుభవిస్తున్నాము’ అని ఉంటే అది జరిగిన పంపకానికి గుర్తుగా రాసుకున్న పత్రం, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాలే కేసులో 1976లో సుప్రీంకోర్టు చెప్పినది ఇదే. ‘ఇందుమూలముగా పంచుకుంటున్నాము’ అని ఉంటే మాత్రం పంపకం నిరూపించడానికి పనికిరాదు. అప్పుడు కూడా స్టాంపు సుంకం, పెనాల్టీ కట్టి, ఎవరు ఎక్కడ ఏ హోదాలో స్వాధీనంలో ఉన్నారో చూపడానికి వాడుకోవచ్చు. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి, లామినేషన్ చేయించకండి.

సాక్ష్యం ఇంకా నేలలోనే ఉంది. జేసీబీ పైదుబ్బును పీకుతుంది గానీ దుంపలు, పిలకలు కొన్ని మిగిలే ఉంటాయి. పాత గట్టు ఎత్తు తెలుస్తుంది. దుక్కి దున్ని ఆ గుర్తులు చెరపకండి. మీ చివరి సాలు నిమ్మచెట్ల మొదళ్ల నుంచి పాత గట్టుకు ఎంత, కొత్త కూసాలకు ఎంత అని టేపు పెట్టి ఫొటోలు తీయండి. ఇరవై అడుగుల ఎడంతో నాటిన తోటలో చివరి సాలు పక్కనే కూసం పాతారంటే చూసేవాడికి వెంటనే అర్థమవుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు దొరుకుతాయి, కంచె పచ్చటి గీతలా కనిపిస్తే దాచండి. ఫోన్ ఫొటోలకు కోర్టులో సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ కావాలి, అందుకే తీసిన ఫోన్ మార్చకండి. దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను (చోటు చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు పంపే వకీలు), వెంట సర్వేయర్‌ను పంపమని అడగండి. వానలు పడి గుర్తులు కొట్టుకుపోకముందే అది జరగాలి.

బండిదారికి రెండు ఆధారాలున్నాయి. ఉమ్మడి అని రాసుకోవడం మొదటిది. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం రెండోది. బావికి వేరే దారి లేకపోతే 13వ సెక్షన్ కింద అవసరపు దారి. వేరే దారి ఉన్నా, ఇరవై ఏళ్లకు పైగా బహిరంగంగా, హక్కుగా నడిచారు కాబట్టి 15వ సెక్షన్ కింద వచ్చిన హక్కు. దారి మూసిన రెండేళ్లలోపు అడగాలి, కాబట్టి ఈ దావాకూ ఆలస్యం చేయకండి. తీర్పు వచ్చేదాకా మోటారు దగ్గరికి వెళ్లనివ్వమని మధ్యంతర ఉత్తర్వు కోరండి. ఎండాకాలం నీరు లేకపోతే నిమ్మ పూత, పిందె రెండూ రాలిపోతాయి, జడ్జి గారికి ఆ మాట అఫిడవిట్‌లో చెప్పాలి.

గేదెలను కొట్టకండి. 1871 పశువుల అక్రమ ప్రవేశ చట్టం కింద మేస్తున్న పశువును పట్టుకుని 24 గంటల్లో బందెలదొడ్డికి తోలవచ్చు. మీ ఊళ్లో దొడ్డి లేకపోతే ఫొటోలు తీసి పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇవ్వండి.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ అది. 15100కు ఫోన్ చేస్తే చెబుతారు. పట్టా, 1-బి (భూమి హక్కుల రికార్డు) ఇంకా నాయన గారి పేరే ఉంటే పేరు మార్పిడికి (మ్యుటేషన్) ఇప్పుడే అర్జీ పెట్టండి. మీరూ, అమ్మగారూ ఇద్దరూ వాదులుగా చేరాలి.

చివరిగా ఒక ప్రశ్న. మీ చిన్నాయన ఉన్నారా? ఆ కాగితం మీద సంతకం చేసిన మనిషి ఆయనే. ఉంటే దావా వేశాక కేసును లోక్ అదాలత్‌కు పంపమని అడగండి, ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడించండి. అక్కడి అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు ఉండదు, కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. రాజీ కుదిరితే ‘పాత కంచె ప్రకారం’ అని రాసి వదిలేయకండి, ఇప్పుడు ఆ కంచె లేదు. ఏ రాయి నుంచి ఏ రాయికి ఎన్ని అడుగులు, దారి వెడల్పు ఎంత, మోటారు వంతులు ఎవరివి ఏ రోజులు, కూసాలు ఎవరి ఖర్చుతో ఎన్నాళ్లలో తీయాలి అన్నవన్నీ స్కెచ్ జతచేసి రాయించండి.