రోడ్డు విస్తరణలో ఇంటి ముందు భాగం పోతే, మిగిలిన ఇంటికి కూడా పరిహారం వస్తుందా?

మీరు రెండు విషయాలు అడిగారు. జాతీయ రహదారి విస్తరణలో మీ ఇంటి ముందు భాగం పోతోంది, మిగిలిన ఇంటికి జరిగే నష్టాన్ని లెక్కలోకి తీసుకుంటారా అన్నది ఒకటి. జాగా ఏమీ పోకపోయినా రోడ్డు ఎత్తు పెరగడంతో ఇబ్బంది పడబోతున్న మీ పక్కింటివాళ్లకు ఏమైనా వస్తుందా అన్నది రెండోది. మా ఇంటికీ ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మొదటిదానికి జవాబు: వస్తుంది, కానీ అడిగినవాళ్లకే. జాతీయ రహదారుల చట్టం, 1956లో సెక్షన్ 3జీ(7) తీసి చూడండి. పోయిన జాగా మార్కెట్ విలువ ఒక్కటే కాదు, దాన్ని మీ మిగతా స్థలం నుంచి విడదీయడం వల్ల కలిగే నష్టం, మీ ఇతర ఆస్తికి గానీ సంపాదనకు గానీ తగిలే దెబ్బ, ఇల్లో వ్యాపారమో మార్చుకోవాల్సి వస్తే అయ్యే ఖర్చు కూడా చూడాలని అందులో ఉంది. మా వీధిలో దాదాపు అందరూ గజం రేటు గురించే పోట్లాడారు. మిగిలిన ఇంటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

అసలు ఆట కొలతల రోజునే తేలిపోతుంది. గోడ మీద ఎర్ర పెయింటుతో గీత గీసి, గీతకు ఇవతల కంటికి కనిపించినవి రాసుకుంటారు. మా ఇంట్లో ప్రహరీ, గేటు, మెట్లు రాశారు. వాకిట్లో గచ్చు కింద ఉన్న సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు రాయలేదు, ఎందుకంటే పైకి కనిపించవు. ట్యాంకు పోతే మిగిలిన గదులు ఎంత బాగున్నా ఆ ఇంట్లో ఉండలేం. వెనక కొత్తది కట్టాలంటే వంటింటి గచ్చు పగలగొట్టి పైపు తీసుకెళ్లాలి. మూతలు తెరిపించి, టేపు పెట్టి ఫొటోలు తీయించి, ఇవన్నీ చేర్చమని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకున్నాం. తర్వాత మా చేతిలో మిగిలిన ఆధారం ఆ ముద్ర పడిన కాగితమే. నోటిమాటగా ‘చూస్తాంలెండి’ అంటే నమ్మకండి. అలా అనే మనిషి అవార్డు (పరిహారం ఎంతో తేల్చే అధికారిక ఉత్తర్వు) వచ్చేనాటికి ఆ సీటులో ఉంటాడన్న గ్యారంటీ లేదు.

అదే చట్టంలోని 3ఏ నోటిఫికేషన్ (ఫలానా భూమి రోడ్డు కోసం తీసుకోబోతున్నామన్న ప్రభుత్వ ప్రకటన) వచ్చాక అభ్యంతరాలకు 21 రోజులే గడువు. అవి భూమి తీసుకోవడం మీద అభ్యంతరాలు, డబ్బు సంగతి వేరు. మార్కెట్ విలువను ఆ నోటిఫికేషన్ తేదీ నాటికే కడతారు. 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారులకు కూడా 2013 భూసేకరణ చట్టం లెక్కే వర్తిస్తోంది. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, వీటిలో ఏది ఎక్కువైతే అది. గ్రామీణ ప్రాంతమైతే దాన్ని 1 నుంచి 2 లోపు గుణిస్తారు. కట్టడాలు, చెట్ల విలువ కలిపాక, మొత్తం మీద అంతే సొమ్ము సోలేషియంగా, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు పరిహారంగా వస్తుంది. అందుకే లిస్టులో ఎక్కని సంపు వల్ల పోయేది దాని ఖరీదు ఒక్కటే కాదు, దానికి రెట్టింపు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ చుట్టుపక్కల మంచి ధరకు అమ్ముడైన దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి.

అవార్డు తక్కువనిపిస్తే 3జీ(5) కింద ఆర్బిట్రేటర్ (వివాదం తేల్చే మధ్యవర్తి) దగ్గరికి వెళ్లొచ్చు. మామూలుగా జిల్లా కలెక్టరే ఆర్బిట్రేటర్‌గా ఉంటారు. డబ్బు తీసుకునేటప్పుడు ‘అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను’ అని రాయమని మా వకీలు చెప్పారు, రాశాం. తీసుకోకుండా మొండికేయడం వల్ల రోడ్డు ఆగదు, టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు. ఒకవేళ మీది రాష్ట్ర రోడ్డయి, నేరుగా 2013 చట్టం కింద తీసుకుంటుంటే దారి వేరు. అందులో సెక్షన్ 94 ప్రకారం ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామంటే, తీసుకుంటే ఇల్లు మొత్తం తీసుకోండి అని యజమాని అడగొచ్చు.

ఇక మీ పక్కింటివాళ్లు. వాళ్ల పరిస్థితి నిజంగా అన్యాయం. బ్రిటన్‌లో 1973 నుంచి ఒక చట్టం ఉంది. గజం జాగా పోకపోయినా, కొత్త రోడ్డు చప్పుడు, అదురు, పొగ, లైట్ల వల్ల ఇంటి విలువ పడిపోతే రోడ్డు తెరిచిన ఏడాది తర్వాత పరిహారం అడగొచ్చు. మన దగ్గర అలాంటిది లేదు. 3జీ(7)లో చెప్పిన నష్టాలు భూమి పోతున్నవాళ్లకే. కాబట్టి వాళ్లు డబ్బు వెంట పడే బదులు పని వెంట పడటం మేలు: సర్వీసు రోడ్డు, గుమ్మం దాకా ర్యాంపు, వాన నీళ్లు ఇంట్లోకి రాకుండా సరైన వాలుతో కాలువ. కంకర పోయకముందే, ఇంటి గడప మట్టం, రోడ్డు రాబోయే మట్టం రెండూ చూపిస్తూ నలుగురైదుగురు కలిసి అర్జీ ఇవ్వాలి. మా వైపు కాలువ అలాగే వచ్చింది. తారు పడ్డాక అడిగిన అవతలి వరసవాళ్లు ఇప్పటికీ వానాకాలంలో గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టుకుంటున్నారు.