అరికాళ్ళ మంటలకు ప్రెగాబాలిన్ మొదలుపెట్టిన మేనల్లుడికి

చిరంజీవి అబ్బాయికి, గుంటూరు నుంచి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో రెండు సంగతులు చెప్పావు. ఆ క్యాప్సూల్ మొదలుపెట్టిన దగ్గర నుంచి పొద్దున లేవగానే తల తిరుగుతోందన్నావు. అది ఫిట్స్ మందని ఎవరో చెప్పారు కాబట్టి మానేస్తానన్నావు. ఆ రెండో మాటతోనే నాకు టెన్షన్ పట్టుకుంది. ఇన్నేళ్ళు వార్డుల్లో నర్సుగా చేసినదాన్ని, నా మాట కాస్త విను.

ఫిట్స్‌కి వాడే మాట నిజమే. దీనికంటే ముందు వచ్చిన, ఇదే కోవకు చెందిన గాబాపెంటిన్‌ అనే మందుకి అమెరికాలో 1993లో మొదట అనుమతి ఇచ్చింది మూర్ఛకే. షుగర్ వల్ల దెబ్బతిన్న నరాలు ఊరికే నొప్పి కబుర్లు పంపుతుంటాయి. ఈ రెండు మందులూ ఆ జోరును తగ్గిస్తాయి. అరికాళ్ళ మంటల కోసమే డాక్టరుగారు రాశారు, నీకు మూర్ఛ ఉందని కాదు. స్ట్రిప్ మీద ఉన్న రెండో పేరు, మిథైల్‌కోబాలమిన్, బి12 విటమిన్. మగత దానివల్ల రాదు, ప్రెగాబాలిన్ వల్లే.

తల తిరగడం, నిద్రమత్తు, నడకలో తూలు, ఇవే ఎక్కువమందికి వచ్చేవి. మొదటి ఒకటి రెండు వారాల్లోనూ, డోసు పెంచినప్పుడూ బాగా తెలుస్తాయి, తర్వాత చాలామందికి తగ్గుతాయి. అయితే నీకు పాదాల్లో స్పర్శే తక్కువ, దానికి ఈ తూలు కూడా తోడైతే పడిపోతావు. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, లైటు వేసుకుని లే. తల తేలికపడేదాకా ఉండవల్లి నుంచి బ్యారేజీ మీదుగా బండి నడపొద్దు, ఆటోలోనో బస్సులోనో బెజవాడ వెళ్ళు.

చూపు కాస్త మసకబారొచ్చు. వెంటనే కొత్త కళ్ళజోడు చేయించుకోకు, ముందు డాక్టరుగారికి చెప్పు. నోరు ఎండడం, మలబద్ధకం ఉంటే నీళ్ళు, ఆకుకూరలు చూసుకో.

కాళ్ళవాపు సంగతి మాత్రం రోజూ చూసుకోవాలి. సాయంత్రం చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందేమో చూడు. ఆకలి పెరిగి బరువు కూడా పెరగొచ్చు, షుగర్ ఉన్నవాడికి అది మంచిది కాదు. నీ షుగర్ బిళ్ళల్లో పియోగ్లిటాజోన్ ఉంటే వాపూ బరువూ రెండూ ఎక్కువవుతాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తోనూ కాళ్ళు వాస్తాయి. అందుకే అన్ని చీటీలూ ఒకే డాక్టరుకి చూపించు. ఆయాసం కూడా ఉంటే ఆ రోజే వెళ్ళు.

ఈ మందు ఒంట్లోంచి దాదాపు అంతా మూత్రంలోనే పోతుంది. కిడ్నీలు మందగిస్తే ఒంట్లో పేరుకుని, మామూలు డోసే ఎక్కువై మనిషిని మత్తులో ముంచుతుంది. అప్పుడు డోసు తగ్గించాలి. షుగర్ వచ్చి ఇన్నేళ్ళయింది కదా, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఆ రిపోర్టు డాక్టరుగారికి చూపించు.

పెళ్ళిళ్ళలో స్నేహితులు బలవంతం చేసినా మద్యం ముట్టుకోకు. నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్ళలు, కొడీన్ ఉన్న దగ్గు సిరప్పులు సొంతంగా కలపొద్దు. అవి దీనితో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. లేపినా లేవనంత మత్తు, నెమ్మదించిన ఊపిరి, ముఖమో పెదవులో వాయడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచు. కొద్దిమందికి మనసు బాగా కుంగిపోయి, చచ్చిపోవాలనే ఆలోచనలు కూడా వస్తాయి. అలాంటిది వస్తే దాచుకోవద్దురా నాయనా, ఏ వేళైనా సరే వాళ్ళకో నాకో చెప్పు, డాక్టరు దగ్గరికి వెళ్దాం.

ఇక మానే మాట. మొదలుపెట్టి నాలుగు రోజులే కాబట్టి ఇప్పుడు పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చు, అయినా డాక్టరుగారిని అడిగే నిర్ణయించుకో. నెలల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, చెమటలు, వికారం, గాభరా వస్తాయి, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావొచ్చు. కనీసం వారం పట్టేలా కొంచెం కొంచెంగా తగ్గించాలి, అదీ డాక్టరు చెప్పినట్టే. ఒక రాత్రి మర్చిపోతే మర్నాడు రెండు కలిపి మింగొద్దు. ఊరెళ్ళేటప్పుడు స్ట్రిప్ సంచిలో పెట్టుకో.