చెన్నైలో జూనియర్ ఆర్టిస్టుకు షూటింగ్ రోజు ఎలా గడుస్తుంది?

ఎక్కువ భాగం ఎదురుచూపుతోనే గడుస్తుంది. వడపళనిలో తెల్లవారకముందే ఏజెంటు వ్యాను ఎక్కిస్తాడు. సెట్లో టిఫిన్ తిని, పేరు రాయించుకుని, తెచ్చుకున్న బట్టలు చూపించి కూర్చోవాలి. కళ్లకు కొట్టే రంగులు, కంపెనీ గుర్తులున్న చొక్కాలు వద్దంటారు.

అసలు పని పిలుపు వచ్చాకే. నేను చేసిన పెళ్లి సన్నివేశంలో మూడో వరుసలో కూర్చుని, పక్కామెతో మాట్లాడుతున్నట్లు పెదవులు మాత్రమే కదపాలి. గొంతు వినిపిస్తే ముందున్న నటుల మాటలు మైకులో చెడిపోతాయి. కెమెరా వైపు చూస్తే షాటు మళ్లీ మొదటికొస్తుంది. కాఫీ గ్లాసు ఏ మాట దగ్గర, ఏ చేత్తో ఎత్తామో ప్రతి టేకులోనూ అలాగే ఎత్తాలి. లేదంటే ఎడిటింగ్‌లో గ్లాసు ఒక చేతి నుంచి మరో చేతికి దూకినట్లు కనిపిస్తుంది. పదకొండో టేకుకు నా కాఫీ చల్లారి మీగడ కట్టింది; అయినా ఊదుకుంటూనే తాగాను. అది కూడా నటనే, నాకు చాలా ఇష్టమైన నటన.

తెలుగు చిత్రసీమ హైదరాబాదుకు తరలినా ఇక్కడే ఉండిపోయిన పాతవాళ్లు కనిపిస్తే వాళ్ల పక్కనే కూర్చోండి, అడిగినవన్నీ ఓపికగా నేర్పుతారు. ఏజెంటు కమిషన్ పోగా చేతికెంత వస్తుందో వ్యాను ఎక్కకముందే అడగండి. ముందుగా డబ్బు కట్టమనేవాళ్లను నమ్మకండి.